గేటు దాకా బాగుంది: ఏడేళ్లు ఉన్నాక మా ఇంటి సమీక్ష

పోయిన నెల మా చిన్నాన్న కూతురు ఫోన్ చేసింది. "అక్కా, మీ వెంచర్లోనే ఒక ఇల్లు అమ్మకానికి ఉంది. తీసుకోమంటావా?" అని అడిగింది. చేరిన కొత్తలో అయితే ఒక్క మాటలో తీసుకోమనేదాన్ని. అప్పుడు అట్లా చెప్పే ఇద్దరి చేత ఇక్కడ ప్లాట్లు కొనిపించాను కూడా. ఈసారి మాట తొందరగా రాలేదు. దానికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

మూడు సెంట్ల స్థలం, తూర్పు వాకిలి, బోరు నీళ్లు, రిజిస్ట్రేషను కాగితాలు ఎవరైనా చూసుకునేవే. వాటి జోలికి పోను. వాటితో మాకు ఏ ఇబ్బందీ రాలేదు. నా బాధంతా ఒక్కటే. మా వీధిలో మనిషి నడవడానికి దారి లేదు.

అంతకు ముందు కర్నూలు పాతబస్తీలో, కొండారెడ్డి బురుజు వెనక సందుల్లో ఉండేవాళ్లం. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఒకేసారి పొంగి ఊరి మీద పడినప్పుడు మా కింది పోర్షన్ మొత్తం మునిగింది. రెండు రాత్రులు మిద్దె మీదే కూర్చున్నాం. ఆ తర్వాత మెరక మీద ఇల్లు కావాలని మా ఆయన పట్టుబట్టాడు. 2018లో కర్నూల్లోనే నంద్యాల చెక్‌పోస్టు దాటాక ఈ ఇల్లు దొరికింది. వచ్చిన చుట్టాలకు నేను మొదట చూపించింది రోడ్డునే. 40 అడుగుల రోడ్డు! సందుల్లో పెళ్లికారు కూడా పట్టక ఇబ్బంది పడినవాళ్లం, లారీ వచ్చి తిరిగే వెడల్పు చూసి మురిసిపోయాం. ఆ నలభై అడుగుల్లో నడిచేవాళ్లకని ఒక్క అడుగు కూడా ఉంచలేదని అప్పుడు మా కంటికి ఆనలేదు.

వీధి ఎట్లా ఉంటుందో చెప్తాను. మధ్యలో సిమెంటు రోడ్డు, దానికి రెండు పక్కలా నల్లరేగడి మట్టి. వాన పడితే ఆ మట్టి చెప్పుకు పట్టుకుని వదలదు. ఆ పక్కన కాలువ, కాలువ మీద ఎవరింటి ముందు వాళ్లు వేయించుకున్న బేతంచెర్ల బండలు. ఒకరివి మోకాలి ఎత్తు, పక్కవాళ్లవి జానెడు కింద, ఆ తర్వాతి ఇంటికి బండలే లేవు. ఒకరి ర్యాంపు రోడ్డు మీదికి వచ్చేసింది. ఒకరు పూలమొక్కలకు జాలీ కట్టుకున్నారు. ఒకచోట కవరు కప్పిన కారు, ఇంకోచోట రెండేళ్లుగా ఇసుక కుప్ప. మా వరసలో పద్నాలుగు ఇళ్లున్నాయి. ఈ చివర నుంచి ఆ చివరికి బండల మీదే పోవాలంటే పద్నాలుగు సార్లు ఎక్కి దిగాలి. అందుకని అందరం రోడ్డు మధ్యలోనే నడుస్తాం.

2022 కార్తీక మాసంలో మా అత్త తెల్లవారుజామున దీపం పెట్టడానికి గుడికి బయల్దేరింది. అప్పటికి ఆమెకు డెబ్బై. గుడి మా ఇంటికి నాలుగు వందల అడుగులు ఉంటుందేమో, అంతే. వెనక నుంచి నీళ్ల క్యాన్ల ఆటో ఒకటి హారన్ కొడుతూ వచ్చింది. ఆమె పక్కకు జరిగి ఒక బండ మీద కాలు పెట్టింది. కొళాయి పైపు కోసం తవ్వినప్పుడు ఆ బండ మూల విరిగి ఉంది. కాలు కాలువలోకి దిగిపోయింది. ఆటోవాడు ఆగి లేపాడు, ఆ అబ్బాయిని తప్పు పట్టను. నేను పరిగెత్తే సరికి అత్త నేల మీద కూర్చుని, చేతిలో ఒత్తుల గిన్నె అట్లాగే పట్టుకుని ఉంది. "ఏం కాలేదులేమే, లేపు" అంది. లేవలేకపోయింది. తుంటి ఎముక విరిగింది.

ఆపరేషను బాగానే జరిగింది. రోజూ అరగంట నడిపించమని డాక్టరు చెప్పాడు. ఎక్కడ నడిపించాలి? గేటు బయట కాలు పెట్టడానికి ఆమెకు భయం, పంపడానికి మాకు భయం. హాలులో ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచేది. ఒక గిన్నెలో చింతగింజలు పోసుకుని, ఒక్కో చుట్టు అయ్యాక ఒక్కో గింజను రెండో గిన్నెలో వేసేది. నలభై గింజలు అయితే ఆ పూటకు నడక అయినట్టు. పాత ఇంట్లో ఉన్నప్పుడు కూరగాయలు, పూలు, ఎవరింట్లో శుభకార్యం ఉంటే పలకరింపు, అన్నీ కాళ్ల మీద తిరిగి చూసుకున్న మనిషి.

నిజం చెప్పాలంటే ఆ సందుల్లోనూ ఫుట్‌పాత్ లేదు. చాలా రోజులు నాకు ఇది తెగలేదు. అక్కడ లేని భయం ఇక్కడెందుకు? ఆ సందుల్లో ఎవరూ బండి వేగంగా నడపలేరు. మలుపు మలుపుకూ అరుగు, అరుగు మీద మనుషులు. ఇక్కడ రోడ్డు వెడల్పుగా, నున్నగా ఉంది కాబట్టే బండ్లు దూసుకుపోతాయి. నేను మెచ్చుకున్న నలభై అడుగులే మా అత్తను పక్కకు నెట్టాయి. రోడ్డు వెడల్పు మంచిదే, దాన్ని ఇప్పటికీ కాదనను. వెడల్పు ఉన్నచోట నడిచేవాళ్లకు వేరే దారి లేకపోతే మాత్రం సందే నయం.

మా తమ్ముడు సివిల్ ఇంజనీరు. దేశంలో రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ నిబంధనల ప్రకారం ఇళ్లుండే చోట ఫుట్‌పాత్ మీద అడ్డం లేని నడక దారి కనీసం 1.8 మీటర్లు ఉండాలని, దాని అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదని వాడే చెప్పాడు. అంటే సుమారు ఆరడుగులు. రెండు పక్కలా తీసేసినా మా రోడ్డుకు ఇరవై ఎనిమిది అడుగులు మిగులుతాయి, ఎదురెదురుగా రెండు లారీలు పోవచ్చు. స్థలం లేక వేయలేదు అనడానికి లేదు. 2025 మే 14న సుప్రీంకోర్టు, ఆక్రమణలు లేని ఫుట్‌పాత్ మీద నడవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. ఆ వార్త టీవీలో అత్త కూడా వినింది. "అయితే మనింటి ముందర కూడా వేస్తారామే?" అని అడిగింది. కాలనీవాళ్లం కలిసి అర్జీ అయితే ఇచ్చాం.

మేం అనుకోని మంచి ఒకటి జరిగింది. అత్త పడిన మూడు నెలలకు ఎదురింటి పెద్దాయన తన ర్యాంపు పగలగొట్టించి లోపలికి తగ్గించుకున్నాడు. ఎవరూ అడగలేదు. ఆయన్ను చూసి ఆ వరసలో ఇంకో ముగ్గురు బండలన్నీ ఒకే ఎత్తుకు వేయించారు. నాలుగిళ్ల పొడవునా ఎక్కి దిగే పని లేకుండా దారి ఏర్పడింది. ఇప్పుడు సాయంత్రం నేను రోడ్డు దాటిస్తే అత్త వాకరు పట్టుకుని అక్కడ నడుస్తుంది. చింతగింజల గిన్నె వంటింట్లోకి వెళ్లిపోయింది. గుడి మాత్రం ఆ నాలుగిళ్లకు ఇంకా చాలా దూరంలో ఉంది.

మా చిన్నోడికి పదకొండేళ్లు. బడి అర కిలోమీటరు, అయినా నెలకు తొమ్మిది వందలు ఇచ్చి ఆటోలో పంపుతున్నాం. పదకొండేళ్ల పిల్లవాడు బడికి నడిచి పోవాలి కదా అని రోజూ అనిపిస్తుంది, పంపడానికి మాత్రం ధైర్యం చాలదు.

అందుకే మా చెల్లెలికి ఇట్లా చెప్పాను. మీ ఇద్దరికీ బండ్లున్నాయి, పాప స్కూలు బస్సులో పోతుంది, మీ వరకైతే ఈ ఇల్లు బాగానే ఉంటుంది. మెరక, గాలి, నీళ్లు, దేనికీ లోటు లేదు. మేమూ దీన్ని అమ్మి వెళ్లిపోవాలనుకోవడం లేదు, లోను ఇంకా ఎనిమిదేళ్లుంది. కానీ మీ మామ మీతోనే ఉంటాడు, ఆయనకు పొద్దున్నే నడవకపోతే తోచదు. ఇల్లు చూడటానికి మధ్యాహ్నం రావద్దు. సాయంత్రం ఆరింటికి రండి, కారు వెంచరు మొదట్లోనే ఆపి, మీ మామను గుడి దాకా నడిపించి చూడండి.

పోయిన ఆదివారం వచ్చారు. సగం దూరం పోయేసరికి ఆయన చెల్లెలి భుజం పట్టుకున్నాడు. ఇల్లు అందరికీ నచ్చింది, ధర కూడా కుదిరేట్టే ఉంది. నిన్న రాత్రి మళ్లీ ఫోన్ చేసింది. సీ క్యాంపు వైపు ఒకటి చూశారట, ఒక గది తక్కువ, పాత కట్టుబడి, ధర ఎక్కువ. "కానీ అక్కా, మామ ఒక్కడే రైతు బజారుకు పోయి తోటకూర తెచ్చుకున్నాడు" అంది. ఏది తీసుకుంటారో ఇంకా తేల్చుకోలేదు.