బీమా ఏజెంట్లకు ఆన్‌లైన్ లీడ్లు అమ్మే సేవ: ఆరు నెలల వాడకం తరువాత నా సమీక్ష

బీమా పాలసీ కోసం ఇంటర్నెట్‌లో వెతికేవారు ఏదో ఒక ఫారంలో తమ పేరు, ఫోన్ నంబరు, వయసు, కావలసిన పాలసీ రకం నింపుతారు. లీడ్లు అని పిలిచే ఆ వివరాలను సేకరించి మా వంటి ఏజెంట్లకు అమ్మే ఒక సంస్థ సేవను నేను ఆరు నెలల పాటు డబ్బు కట్టి వాడుకున్నాను. ఇందులో నాకు ఎదురైన మంచిచెడ్డలు చాలావరకు ఈ వ్యాపారం నడిచే తీరులోనే ఉన్నవి కనుక సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. తెలిసినవారి జాబితా అయిపోయి, పాత కస్టమర్ల సిఫార్సులు తగ్గినప్పుడు ఏజెంట్లు ఇటువంటి సేవల వైపు చూస్తారు. నేనూ అటువంటి సమయంలోనే చేరాను. ఏ లీడ్ కొనాలో, ఏది కొనకూడదో చెప్పేవారు అప్పుడు ఒక్కరున్నా మొదటి రెండు నెలల ఖర్చు నాకు మిగిలేది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

చేరడం సులువే. వాలెట్‌లో ముందుగా డబ్బు వేసి, ప్రాంతం, వయసు, పాలసీ రకం, రోజుకు ఎన్ని లీడ్లు కావాలన్నది ఎంచుకోవాలి. ఒక్కో ఫిల్టర్ బిగించిన కొద్దీ ధర పెరుగుతుంది. లీడ్ రాగానే ఫోన్‌కు సందేశం వస్తుంది, మనకు వీలులేని గంటల్లో లీడ్లు రాకుండా ఆపుకోవచ్చు, రోజు పరిమితి దాటి ఒక్క లీడ్ కూడా వాలెట్‌లోంచి కోత పెట్టలేదు. యాప్ వరకు నాకు ఏ ఫిర్యాదూ లేదు.

అసలు విషయం లీడ్ల రకాల దగ్గర మొదలవుతుంది. షేర్డ్ లీడ్ అంటే ఒకే మనిషి వివరాలు ఒకేసారి పలువురు ఏజెంట్లకు చేరతాయి. ఎక్స్‌క్లూజివ్ లీడ్ ఒక్కరికే వస్తుంది. లైవ్ ట్రాన్స్‌ఫర్‌లో కాల్ సెంటర్ వారు ముందుగా మాట్లాడి, ఆసక్తి ఉన్నదని తేల్చుకొని, ఆ కాల్‌ను నేరుగా మన ఫోన్‌కు కలుపుతారు. అన్నిటికంటే ఖరీదైనది ఇదే. ఏజ్డ్ లీడ్లు నెలల క్రితం నింపిన ఫారాలు, ఒకసారి అమ్ముడుపోయి చౌకగా మళ్లీ అమ్మకానికి వచ్చినవి. ధర తక్కువ కదా అని మొదటి నెలలో నేను షేర్డ్ లీడ్లే కొన్నాను. ఫోన్ ఎత్తినవారిలో ఎక్కువమంది నోట వచ్చిన మొదటి మాట ఒకటే: "మీకన్నా ముందే నలుగురు చేశారండీ." ఆ మాట తరువాత పాలసీ గురించి మాట్లాడటానికి మిగిలే సమయం అర నిమిషం కూడా ఉండదు.

సంస్థ ప్రతినిధి ఎప్పుడూ ఒక లీడ్ ధర గురించే మాట్లాడతారు. ఏజెంటు లెక్క వేసుకోవలసినది ఒక పాలసీ కుదరడానికి అయిన ఖర్చు. ఊహించిన అంకెలతో చూద్దాం. షేర్డ్ లీడ్ ధర 1 వంతు, ఎక్స్‌క్లూజివ్ లీడ్ ధర 3 వంతులు అనుకుందాం. 100 షేర్డ్ లీడ్లలో 2 పాలసీలు కుదిరితే ఒక్కో పాలసీకి 50 వంతులు ఖర్చయినట్టు; 100 ఎక్స్‌క్లూజివ్ లీడ్లలో 8 కుదిరితే ఒక్కో పాలసీకి అయ్యేది 37.5 వంతులు. పైగా మొదటి దారిలో ఒక్క పాలసీ కోసం 50 మందికి ఫోన్ చేయాలి, రెండవ దారిలో 12 లేదా 13 మందితో సరిపోతుంది. ఎవరి అంకెలు వారివి, కానీ ఆ రెండు వరుసలూ పక్కపక్కన రాసుకోకుండా వాలెట్‌లో డబ్బు వేయవద్దని నా సలహా. ఇంకొక వరుస కూడా చేర్చాలి: కుదిరిన పాలసీ రెండవ ప్రీమియం వరకైనా నిలిచిందా లేదా అన్నది. జీవిత బీమాలో పాలసీ తొందరగా లాప్స్ అయితే, అంటే ప్రీమియం కట్టక ఆగిపోతే, అప్పటికే ఇచ్చిన కమిషన్‌ను కంపెనీ వెనక్కి తీసుకునే ఒప్పందాలు ఉంటాయి. అటువంటి చోట లీడ్ మీద పెట్టిన డబ్బు, కమిషన్ రెండూ పోతాయి. హడావిడిలో, ఐదుగురు ఏజెంట్ల పోటీ మధ్య ఒప్పించిన పాలసీలే నా దగ్గర ముందుగా లాప్స్ అయ్యాయి.

రెండవ నెల చివర నేను ఒక పని చేశాను. లీడ్లు కొనే ప్రతి ఏజెంటూ మొదటి రోజే చేయవలసిన పని అది. ఈ లీడ్లు పుట్టే ఫారం ఎక్కడుందో సంస్థను అడిగి, ఆ పేజీ తెరిచి, నా సొంత వివరాలతో కస్టమర్‌లాగే నింపాను. "మీకు తగిన ప్రీమియం చూడండి" అని పైన పెద్ద అక్షరాల్లో ఉంది. మొదట వయసు, కుటుంబ సభ్యుల సంఖ్య వంటి సులువైన ప్రశ్నలు వచ్చాయి. అప్పటికే నాలుగైదు పేజీలు దాటాక, ఇక వెనక్కి వెళ్లడం ఎందుకు అనిపించే చోట ఫోన్ నంబరు అడిగారు. బటన్ కింద చిన్న అక్షరాల్లో, ఇది నొక్కితే తమ భాగస్వాములు ఫోన్ చేయడానికి మీరు అంగీకరించినట్టే అని ఉంది. ఆ భాగస్వాములెవరో తెలియాలంటే ఇంకొక లింకు నొక్కాలి. అందులోని పేర్ల జాబితా తెర మీద కిందికి జరిపే కొద్దీ వస్తూనే ఉంది. బటన్ నొక్కాను. ప్రీమియం మాత్రం కనిపించలేదు. "మా ప్రతినిధి మిమ్మల్ని సంప్రదిస్తారు" అన్న ఒక్క వాక్యం వచ్చింది, ఆ వాక్యం చదువుతుండగానే మొదటి ఫోన్ మోగింది. ఆ సాయంత్రం ఫోన్ మోగుతూనే ఉంది. అంతకుముందు రెండు నెలలుగా నా మీద విసుక్కున్నవారి గొంతులు అప్పుడు నాకు వేరే విధంగా అర్థమయ్యాయి. వారు అడిగింది ధర. వారికి దొరికింది మా ఫోన్లు.

ఎక్స్‌క్లూజివ్ లీడ్లకు ఇదే సంస్థ వాడే ఫారం వేరు అని తరువాత తెలిసింది. దానిని కూడా నింపి చూశాను. ఒక్క ఏజెంటు మాత్రమే ఫోన్ చేస్తారని అందులో స్పష్టంగా ఉంది, ఏ సమయంలో చేయమంటారో అడిగారు, సుమారు ప్రీమియం ఏ రెండు మొత్తాల మధ్య ఉంటుందో చూపించారు. రెండు ఫారాలూ ఒకే సంస్థవి, కానీ మొదటిది నింపినవారు ఫోన్ రాగానే చిరాకు పడతారు, రెండవది నింపినవారు ఫోన్ కోసం ఎదురుచూస్తారు. ధరలో ఉన్న తేడా ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అక్కడే తెలిసింది.

ఇంకొక సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఆరోగ్య బీమా లీడ్‌గా వచ్చిన ఒక నంబరుకు ఫోన్ చేస్తే, ఒక మహిళ తాను ఉద్యోగ ప్రకటన చూసి వివరాలు ఇచ్చానని, బీమా గురించి ఎవరినీ అడగలేదని, ఉద్యోగం సంగతి చెబుతారేమోనని ఆశగా ఫోన్ ఎత్తానని చెప్పారు. నేను క్షమాపణ చెప్పి, ఆమె నంబరు తొలగించమని సంస్థకు రాశాను. ఇటువంటివి ఎలా వస్తాయో అడిగితే తేలినది ఏమిటంటే, సంస్థ అమ్మే లీడ్లన్నీ తన ఫారాల నుంచి వచ్చినవి కావు. కొన్నింటిని బయటి సేకరణదారుల దగ్గర కొని తిరిగి అమ్ముతుంది. ఈ రంగంలో దీనికి పింగ్-పోస్ట్ అనే పద్ధతి ఉంది. ముందుగా పేరు, ఫోన్ నంబరు లేకుండా వయసు, ప్రాంతం వంటి కొన్ని వివరాలను కొనుగోలుదారుల కంప్యూటర్లకు పంపుతారు, అవి క్షణాల్లో ధర పలుకుతాయి, ఎక్కువ పలికినవారికి మిగిలిన వివరాలు వెళతాయి. పద్ధతిగా చూస్తే ఇందులో తప్పేమీ లేదు. అయితే లీడ్ ఇలా రెండు మూడు చేతులు మారాక, ఆ మనిషి మొదట ఏ పేజీలో ఏమి ఆశించి వివరాలు ఇచ్చారన్నది చివరి కొనుగోలుదారుకు తెలియకుండా పోతుంది.

వెంటనే ఫోన్ చేయాలన్న సంస్థ సలహా మాత్రం నిజమైనది. 2011 మార్చిలో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వచ్చిన ఒక పరిశోధన వ్యాసం, అమెరికాలోని 2,241 కంపెనీలు ఆన్‌లైన్ లీడ్లకు ఎంత వేగంగా స్పందిస్తున్నాయో పరిశీలించింది. నెలలోపు స్పందించిన కంపెనీలు సగటున 42 గంటలు తీసుకున్నాయి; గంటలోపు ప్రయత్నించినవారికి, ఆ తరువాత ఇంకొక గంట ఆలస్యం చేసినవారికంటే, నిర్ణయం తీసుకునే మనిషితో ప్రయోజనకరమైన సంభాషణ జరిగే అవకాశం దాదాపు 7 రెట్లు ఎక్కువగా ఉంది. ఆ పరిశీలన బీమాకే పరిమితమైనది కాకపోయినా నా అనుభవం కూడా అదే దారిలో ఉంది. కస్టమర్ ఇంట్లో కూర్చొని పాలసీ పత్రాలు వివరిస్తున్నప్పుడు వచ్చిన లీడ్లు, సాయంత్రం తీరిక దొరికి ఫోన్ చేసేసరికి చల్లారిపోయేవి. అందుకే మూడవ నెల నుంచి నేను రోజులో నిజంగా ఖాళీగా ఉండే రెండు గంటలకే లీడ్లు తెరిచి ఉంచాను. సంఖ్య తగ్గింది, కుదిరిన పాలసీలు తగ్గలేదు. ఒంటరిగా పనిచేసే ఏజెంటు రోజంతా లీడ్లు తెరిచి పెట్టుకోవడం డబ్బు పారబోసుకోవడమే.

పాలసీ రకాన్ని బట్టి కూడా ఫలితం మారింది. వాహన బీమా లీడ్లలో రెన్యువల్ తేదీ ఉంటుంది కనుక మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. అయితే ఆ కస్టమర్ వచ్చే ఏడాది మళ్లీ ధర చూసుకొని వెళ్లిపోవచ్చు. జీవిత బీమా లీడ్లకు ఓపిక కావాలి, మొదటి ఫోన్‌లో కుదిరినది ఒక్కటీ లేదు. ఆరోగ్య బీమా దగ్గర ఎక్కువ జాగ్రత్త అవసరం. ఏదో ఒక జబ్బు బయటపడిన తరువాతనే ఆన్‌లైన్‌లో హడావిడిగా వెతికేవారు ఈ లీడ్లలో ఉంటారు. వారు ఆ జబ్బు సంగతి ఫారంలో రాయకపోతే, మనమే నిదానంగా అడిగి, ముందునుంచి ఉన్న జబ్బులకు పాలసీల్లో వేచి ఉండవలసిన కాలం ఉంటుందని, దాచిపెడితే రేపు క్లెయిమ్ తిరస్కరించవచ్చని చెప్పాలి. అలా చెప్పినప్పుడు కొన్ని లీడ్లు చేజారాయి. లీడ్‌కు డబ్బు కట్టాం కదా అని ఈ మాట మింగేసే ఏజెంటు, ఆస్పత్రి బిల్లు చేతిలో పట్టుకొని వచ్చే కుటుంబానికి ఏమి సమాధానం చెబుతాడో నాకు తెలియదు.

పనికిరాని లీడ్ల రిఫండ్ విషయంలో సంస్థ తీరు రెండు విధాలుగా ఉంది. పనిచేయని నంబరు, రెండుసార్లు వచ్చిన అదే మనిషి, మనం ఎంచుకోని ప్రాంతం వంటివి 7 రోజుల్లోపు చెబితే వెంటనే వాలెట్‌కు డబ్బు జమ చేశారు. ఫోన్ ఎత్తకపోవడం, ఆసక్తి లేదనడం వారి దృష్టిలో కారణాలు కావు, అది న్యాయమే. కానీ ఉద్యోగ ప్రకటన చూసి వివరాలు ఇచ్చిన ఆ మహిళ లీడ్‌ను కూడా, నంబరు పనిచేస్తున్నది, పేరు సరిపోయింది అంటూ మొదట తిరస్కరించారు. రెండుసార్లు రాసిన తరువాతనే డబ్బు తిరిగి జమ అయింది. నాకు ఆ చిన్న మొత్తం ముఖ్యం కాదు. బీమా అడగని మనిషిని బీమా లీడ్‌గా అమ్మడం తప్పని ఆ సంస్థకు రెండు ఉత్తరాలు రాస్తే గాని తెలియకపోవడం నాకు మింగుడు పడలేదు.

ఫోన్ చేయడానికి ఫారంలో తీసుకునే ఈ అనుమతి సంగతి చట్టాలకూ సంబంధించినదే. అమెరికాలో 1991 నాటి టెలిఫోన్ వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, అవసరమైన అనుమతి లేకుండా ఆటో డయలర్‌తోనో (తనంతట తానే నంబర్లు కలిపే యంత్రం) రికార్డు చేసిన గొంతుతోనో చేసిన ఒక్కో కాల్‌కు 500 డాలర్లు, తెలిసీ చేసినట్టు తేలితే 1,500 డాలర్ల వరకు చెల్లించవలసి రావచ్చు. ఒక్కో అమ్మకందారుకు విడివిడిగా అనుమతి తీసుకోవాలని అక్కడి ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 2023 డిసెంబరులో ఒక నియమం తెచ్చింది. అమలుకు రాబోతుండగా 2025 జనవరిలో అప్పీళ్ల న్యాయస్థానం దానిని కొట్టివేసింది. యూరోపియన్ యూనియన్‌లో 2018 మే 25 నుంచి అమలులో ఉన్న వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్, అనుమతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడం కూడా అంత సులువుగా ఉండాలని చెబుతుంది. ఫిర్యాదు వచ్చిన రోజున ఫోన్ చేసిన ఏజెంటు ముందుగా దొరుకుతాడు కనుక, ఏ ఫారంలో, ఏ సమయంలో, ఏ మాటలు చదివి ఆ మనిషి బటన్ నొక్కారో చూపే రికార్డు మన చేతిలో ఉండాలి. ట్రస్టెడ్‌ఫామ్ వంటి సేవలు ఆ నింపిన తీరును భద్రపరచి ధ్రువపత్రంగా ఇస్తాయి. నేను లీడ్లు కొనే సంస్థ అడిగితే ఇస్తుంది, అడగకపోతే ఇవ్వదు.

ఆరవ నెల ముగిశాక నేను సంస్థ ప్రతినిధితో మాట్లాడి, ఇకపై కొనే ప్రతి లీడ్‌తో పాటు ఆ అనుమతి రికార్డు, ఫారం ఉన్న పేజీ చిరునామా నాకు పంపాలని అడిగాను. తమ సొంత ఫారాల నుంచి వచ్చే ఎక్స్‌క్లూజివ్ లీడ్లకు ఒప్పుకున్నారు. బయట కొనే లీడ్లకు కుదరదన్నారు. ఆ సమాధానం నిజాయితీగా ఇచ్చినందుకు వారి మీద నాకు గౌరవం ఉంది. వెంటనే ఫోన్ చేయగల తీరిక, ఖర్చు రాసుకునే అలవాటు, మొదటి రెండు నెలల నష్టం తట్టుకునే స్తోమత ఉన్న ఏజెంటుకు ఈ సేవలోని ఎక్స్‌క్లూజివ్ భాగాన్ని సిఫార్సు చేస్తాను. ఏజ్డ్ లీడ్లను, ఎక్కడివో చెప్పని లీడ్లను ఎంత చౌకగా ఇచ్చినా కొనవద్దంటాను. ఏడవ నెలకు నేను వాలెట్‌లో వేసిన మొత్తం మొదటి నెలలో వేసినదానిలో సగం. అందులో షేర్డ్ లీడ్లకు ఏమీ కేటాయించలేదు.