చెమట పట్టాక మంచినీళ్లా, ఉప్పు కలిపిన నీళ్లా?

గంటలోపు వ్యాయామమైతే మంచినీళ్లే చాలు. పోయిన ఉప్పు తర్వాతి భోజనంలో ఎలాగూ వచ్చేస్తుంది. ఎండలో 2, 3 గంటలు పరుగెత్తేవాళ్ల సంగతి వేరు. లీటరు చెమటలో సుమారు అర గ్రాము నుంచి గ్రామున్నర దాకా ఉప్పులో ఉండే సోడియం పోవచ్చు. ఆరిన బనియను మీద తెల్లటి చారలు కట్టాయంటే మీకు ఉప్పు బాగానే పోతున్నట్టు. అలాంటివాళ్లు దాహానికి మించి ఉత్త నీళ్లే తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, ముదిరితే ఫిట్స్ కూడా రావచ్చు. ఇక్కడ నా ఓటు ఉప్పు నీళ్లకే. అవి ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తాయి కూడా. అయితే వాటినీ అతిగా తాగితే ఇదే ముప్పు! ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు. అరగంట నడక కోసం దాన్ని దాటొద్దు, బీపీ ఉన్నవాళ్లు మరీనూ.