గది అద్దె 1,600, గురువుకు గడి లేదు

మా కళాశాల పిల్లలు ఎనిమిది మందికి పల్లె చేను చూపించడానికి వెళ్లినప్పుడు జహీరాబాద్‌లో మేము దిగిన లాడ్జి పేరు రాయను. ఫోనులో గదికి 1,200 అన్నారు. సామాను పైకి చేర్చాక 1,600 అయింది. ఇదేమిటని అడిగితే "జనవరి కదా మేడం" అన్నాడు కౌంటరు దగ్గరి కుర్రాడు. జనవరికీ నాలుగు వందలకూ ఉన్న చుట్టరికం నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు. వేడినీళ్లు బకెట్టు 30, అదీ ఉదయం ఆరు లోపు అడిగితేనే. దుప్పట్ల నిండా బీడీ వాసన. ఒక గదిలో ముగ్గురు మగపిల్లలు, రెండో గదిలో ఐదుగురు ఆడపిల్లలూ నేనూ. తెల్లవారేసరికి ఎవరికీ ఎవరితోనూ మాటల్లేవు.

హైదరాబాద్ నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సులో వచ్చాం. మహాలక్ష్మి పథకం పుణ్యమా అని ఆడపిల్లలకు సున్నా టికెట్టు. కర్నూలు ఆధార్ ఉన్న అమ్మాయి మాత్రం డబ్బు కట్టి, సదాశివపేట దాకా మూతి ముడుచుకుని కూర్చుంది.

మర్నాడు చేనున్న ఊరికి రెండు ఆటోలు, చెరి 200. ఈ చుట్టుపక్కల పల్లెల మహిళా సంఘాలు 2008లో మాచునూరులో సొంత రేడియో స్టేషన్ పెట్టుకున్నాయనీ, వాటిని నడిపించిన స్వచ్ఛంద సంస్థ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ పురస్కారం వచ్చిందనీ మా పిల్లలకు తెలుసు, పరీక్షకు చదివిన బిట్లుగా.

మాకు చేను చూపించినామెకు అరవై దాటి ఉంటాయి. "ఇందులో ఎన్ని పంటలున్నాయి, బిడ్డా?" అంది. జొన్న ఒకటే అన్నారు మావాళ్లు. కంకుల కింద వంగి చూస్తే శనగ, అవిసె, ధనియాలు. గట్టు పొడవునా కుసుమ. పశువులు రాకుండా ఆ ముళ్ల మొక్కను అంచున వేస్తారని ఆమె చెప్పబోతుండగానే, అడ్డదారిన వెళ్లిన కుర్రాడొకడు తొడలు పట్టుకుని వెనక్కి వచ్చాడు. ఎన్ని తడులు పెడతారని మా ఫస్ట్ ర్యాంకు అమ్మాయి అడిగింది. ఒక్కటీ లేదట. నల్లరేగడిలో దాగిన తేమ, పైన కురిసే మంచు, అంతే. వీటిని సత్యం పంటలంటారు. ఆమె జానెడు లోతు తవ్వి, పిడికెడు మట్టి ముద్ద చేసి ఆ పిల్ల చేతిలో పెట్టింది. "మా బోరు ఇదే."

ఇంట్లో పేడతో అలికిన బుట్టలు తెరిచింది. విత్తనాల మధ్య బూడిద, వేపాకు. కొర్రలూ సామలూ చేటలో కలిపి ఏరమంటే, పది గింజల్లో మూడు సరిగ్గా చెప్పినవాడే మాలో మొనగాడు. విత్తనం అప్పుగా సోలెడు తీసుకున్నవారు రెండు సోలలు తిరిగివ్వాలట. మధ్యాహ్నం జొన్నరొట్టె, అవిసెల పొడి, పచ్చిపులుసు. ఉదయం నుంచి అలిగి ఉన్నవాళ్లంతా రొట్టె రెండోసారి అడిగారు.

ఆమె ఆ రోజు 300 కూలి వదులుకుని ఆరు గంటలు మాతో ఉంది. కళాశాల అతిథి ఉపన్యాసానికి 2,000 ఇస్తుంది. అది ఆమెకు ఇప్పించాలని పెట్టిన దరఖాస్తులో విద్యార్హత అన్న గడిలో "బడికి వెళ్లలేదు" అని ఉన్నదున్నట్లు రాశాను. ఫైలు తిరిగొచ్చింది. అనుభవం అన్న గడి అసలు లేనే లేదు. లాడ్జి రసీదు మాత్రం ఒక్క ప్రశ్న లేకుండా పాసైంది.

పిల్లలు తలా 200 వేసుకుని ఆమెకు 1,600 పంపారు. వసూలు చేసింది ఆ కర్నూలు అమ్మాయే.

మీరు వెళితే రాత్రి ఆగకండి, సాయంత్రం బస్సుకే తిరిగి వచ్చేయండి. ఎంత ఇస్తారో ముందే మాట్లాడుకుని, నగదు చేతిలో ఉంచుకోండి. మందపాటి ప్యాంటు వేసుకోండి.