శ్రీకాళహస్తి కలంకారీ తెర: ఎనిమిది నెలల తర్వాత

తిరుపతిలో మా ఇంటి ముందుగది గోడకు ఒక మంచి కలంకారీ తెర కావాలని చాలాకాలం వెతికి, చివరకు గత మాఘమాసంలో శ్రీకాళహస్తి వెళ్లి, ఒక చిత్రకారుల కుటుంబం ఇంటి ముందువైపునే నడుపుకుంటున్న చిన్న దుకాణంలో కన్నప్ప కథ తెరను 6,500 రూపాయలకు కొన్నాను. తిరుపతి బజారులో కలంకారీ పేరుతో నాకు చూపించిన వాటిలో ఎక్కువ భాగం స్క్రీన్ ప్రింటు బట్టలే. పెడనలో చెక్క అచ్చులతో అద్దేది కూడా అసలైన కలంకారీయే గానీ, శ్రీకాళహస్తి పద్ధతిలో అచ్చు ఉండదు. ప్రతి గీతా కలం పట్టిన చేతి నుంచే రావాలి.

ఆ తేడాను ఎలా గుర్తుపట్టాలో దుకాణం చూసుకునే అమ్మగారే నేర్పించారు. ధర చెప్పకముందే తెరను తిరగేసి, వెనకవైపుకు దిగిన నల్లగీతను చూపించారు. వెదురుపుల్లకు చుట్టిన గుడ్డను వేళ్లతో నొక్కుతూ గీస్తారు కాబట్టి, రంగు ఎక్కువగా దిగినచోట గీత లావెక్కి, ముందుకు సాగేకొద్దీ సన్నబడుతుంది. కన్నప్ప జడలో ఆ లావు సన్నాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఏ రెండు పాయలూ ఒకేలా లేవు.

ఆ నలుపు తయారయ్యే తీరు నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆకట్టుకుంది. ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టి కసిం తీస్తారు. బట్టను ముందుగా కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టి ఆరబెడతారు. కరక్కాయలోని వగరుకు కసింలోని ఇనుము తగలగానే గీత నల్లబడి బట్టను పట్టుకుంటుంది. పాలలోని కొవ్వు రంగును పక్కలకు పాకనివ్వదు. ఎరుపుకు మరో దారి ఉంది. ఎరుపు కావలసినచోట పటిక నీళ్లు పూసి, బట్టను రంగునీళ్లలో ఉడికిస్తే, పటిక ఉన్నచోటే రంగు నిలుస్తుంది. తర్వాత పారే నీటిలో ఉతకాలి. ఇన్నిసార్లు తడిసి, ఆరి, ఉడికిన బట్టకు ఆ ధర ఎక్కువని నేను అనుకోను.

బొమ్మ విషయానికి వస్తే, రెండో కన్ను పెకలించుకోబోయే ముందు గుర్తు కోసం లింగంపై పాదం మోపిన కన్నప్పను నడుమ పెద్దగా వేసి, చుట్టూ చిన్న గళ్లలో వేటనూ, పుక్కిటి నీటి అభిషేకాన్నీ, మాంస నైవేద్యాన్నీ కథగా నడిపారు. ప్రతి గడి కింద తెలుగులో ఒక్కొక్క వాక్యం రాశారు. పాదం మోపిన ఆ ఘట్టంలో కన్నప్ప ముఖంలో నొప్పి కంటే ఆత్రం కనిపించేలా కనుబొమలు గీసిన చేతికి నమస్కరించాలనిపించింది. కింది వరుసలో మాత్రం అక్షరాలు ఇరుకై, రెండు వాక్యాలు చదవడం కష్టమవుతోంది. పచ్చరంగు కూడా ఒక చెట్టుపై పలచబడింది.

ఎనిమిది నెలలలో ఎరుపు, నలుపు కొంచెం కూడా తగ్గలేదు. నేరుగా ఎండ తగలని గోడకే వేలాడదీశాను. కొత్తలో ఉన్న పాలు, కరక్కాయల వాసన రెండు వారాలలో పోయింది.

నాకు తీరని లోటు ఒక్కటే. తెరపై చిత్రకారుడి పేరు ఎక్కడా లేదు. కలంకారీకి గాను 2008లో జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారికి పద్మశ్రీ వచ్చిన ఊరది. అక్కడ గీసిన తెర పేరులేకుండా మా ఇంటికి చేరడం నాకు బాధ కలిగించింది. అడిగితే, గీతలు తన భర్తవనీ, రంగులు తానూ ఇద్దరు ఆడబిడ్డలూ నింపినవనీ అమ్మగారు చెప్పారు. మా అక్కయ్య కోసం ఇప్పుడు మరో తెర చెప్పాను. కింది అంచున ఆ నలుగురి పేర్లూ కసింతోనే రాయమని అడిగితే ఒప్పుకున్నారు.