లేజర్ క్లాడింగ్‌కి పరిశోధన భాగస్వామి: జాతీయ ల్యాబా, ఐఐటీనా, ఉమ్మడి కేంద్రమా? ఏది మేలు?

పంపు షాఫ్టులు, వాల్వ్ స్పిండిళ్లు, హైడ్రాలిక్ రాడ్లకు గట్టి క్రోమియం పొర వేసే హార్డ్ క్రోమ్ ప్లేటింగే దశాబ్దాలుగా దిక్కు. ప్లేటింగ్ తొట్టిలో వాడే క్రోమియం ట్రైఆక్సైడ్‌కి 2017 సెప్టెంబరు 21 నుంచి యూరప్‌లో ప్రత్యేక అనుమతి తప్పనిసరి అయింది. దాంతో అక్కడ ప్రత్యామ్నాయాల వెతుకులాట ఊపందుకుంది. వాటిలో గట్టిగా నిలబడినది లేజర్ క్లాడింగ్. లోహపు పొడిని లేజర్ వేడితో కరిగించి, షాఫ్ట్ మీద పొరలా అతికించే పద్ధతి ఇది.

జీడిమెట్లలోనో బాలానగర్‌లోనో ఉన్న ఒక మధ్యతరహా యూనిట్ ఈ పనిలోకి దిగాలనుకుంటే మొదటి ప్రశ్న యంత్రం గురించి కాదు. ప్రక్రియను ఎవరితో కలిసి తయారు చేసుకోవాలన్నదే ముందు తేల్చుకోవాలి. దారులు మూడున్నాయి: జాతీయ పరిశోధనశాలకు డబ్బు కట్టి పని చేయించుకోవడం, ఐఐటీ లేదా ఎన్‌ఐటీలో ప్రాజెక్టును స్పాన్సర్ చేయడం, పలు కంపెనీలు కలిసి నడిపే ఉమ్మడి కేంద్రంలో సభ్యత్వం తీసుకోవడం. మా తీర్పు ముందే చెప్పేస్తున్నాం: మొదటి ఆరు నెలలూ జాతీయ ల్యాబ్‌తోనే వెళ్లండి. కారణం దొరక్క ఆగిపోయిన చోట విశ్వవిద్యాలయాన్ని పిలవండి. ఉమ్మడి కేంద్రం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ముందు పని తెలియాలి

ఏ భాగస్వామి మేలో తేలాలంటే, ఈ పని ఎక్కడ చెడుతుందో తెలిసి ఉండాలి. ఒక ఉదాహరణ తీసుకుందాం. 60 మి.మీ. వ్యాసం, 300 మి.మీ. పొడవు ఉన్న ఈఎన్24 అనే మిశ్రమ స్టీల్ షాఫ్ట్ మీద ఇంకోనెల్ 625 అనే నికెల్ మిశ్రమం పొర వేయాలి. గ్రైండింగ్ పోను సుమారు 1 మి.మీ. మిగలాలంటే 1.5 మి.మీ. మందం వేయాలి. 4 మి.మీ. లేజర్ స్పాట్ (కిరణం పడే చోటు వెడల్పు), సెకనుకు 10 మి.మీ. వేగం, నిమిషానికి 20 గ్రాముల పౌడర్, చుట్టు చుట్టుకీ 2 మి.మీ. జరుపు. ఈ లెక్కన 150 చుట్లు పడతాయి, దాదాపు 47 నిమిషాలు పడుతుంది. చల్లిన పౌడర్‌లో నాలుగోవంతు అతుక్కోకుండా పోతుందనుకుంటే, ఒక్క షాఫ్ట్‌కి కిలో దాకా ఖర్చవుతుంది.

ఇప్పుడు వేడి లెక్క చూడండి. లేజర్ 3 కిలోవాట్లు, లోహం పీల్చుకునేది అందులో 40 శాతమే అనుకున్నా, 47 నిమిషాల్లో షాఫ్ట్‌లోకి వెళ్లే శక్తి 3.4 మెగాజౌళ్లు. షాఫ్ట్ బరువు 6.7 కిలోలు. వేడి ఎటూ పోకపోతే అది ఏడెనిమిది వందల డిగ్రీల దాకా ఎక్కాలి. నిజానికి గాలికీ, షాఫ్ట్‌ని పట్టుకునే చక్ లోకీ చాలా వేడి పోతుంది, అయినా వందల డిగ్రీలు ఎక్కడం ఖాయం. అంటే మొదటి చుట్టు పడింది చల్లని స్టీల్ మీద, చివరి చుట్టు పడేది కాలుతున్న స్టీల్ మీద. పవర్ అదే ఉంచితే చివర్లో అడుగు లోహం ఎక్కువ కరిగి పొరలో కలుస్తుంది. దీన్నే డైల్యూషన్ అంటారు. ఆయిల్, గ్యాస్ రంగంలో వాడే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) 6ఏ ప్రమాణంలోని ఎఫ్ఈ5 తరగతికి పొరలో ఇనుము 5 శాతం దాటకూడదు. మొదటి కొస పాసై, రెండో కొస ఫెయిలయ్యేది ఇందుకే.

పౌడర్ కూడా ఇక్కడే దెబ్బ తీస్తుంది. 625 స్పెసిఫికేషన్ ప్రకారం పౌడర్‌లోనే 5 శాతం దాకా ఇనుము ఉండొచ్చు. 4 శాతం ఉన్న లాట్ తెస్తే డైల్యూషన్‌కి మిగిలేది ఒక్క శాతం, ఆచరణలో అది దాదాపు అసాధ్యం. ఒక శాతం లోపున్న లాట్ అయితే 4 శాతం దాకా వెసులుబాటు ఉంటుంది. టెస్ట్ సర్టిఫికెట్‌లో ఇనుము అంకె చూడకుండా పౌడర్ ఆర్డర్ పెట్టకూడదు.

ఇక ఈఎన్24లో కార్బన్ 0.4 శాతం. ముందు వేడి చేయకుండా క్లాడింగ్ వేస్తే పొర కింద స్టీల్ గట్టిపడి దాని కాఠిన్యం 500 హెచ్‌వీ (వికర్స్ కొలమానం) దాటుతుంది, అక్కడి నుంచి పగుళ్లు మొదలవుతాయి. 250 నుంచి 300 డిగ్రీల ప్రీహీట్ కావాలి. స్టెల్లైట్ 6 లాంటి గట్టి కోబాల్ట్ మిశ్రమమైతే పొరే పగులుతుంది కాబట్టి ప్రీహీట్‌తో పాటు నిదానంగా చల్లార్చడం కూడా తప్పదు. షాఫ్ట్‌ని వర్మిక్యులైట్ అనే వేడిని నిలిపే ఖనిజపు పలుకుల్లో కప్పి ఉంచడం మామూలుగా చేసేదే.

జాతీయ ల్యాబ్

హైదరాబాద్‌కి ఉన్న గొప్ప సౌకర్యం బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ కింద స్వయంప్రతిపత్తితో నడిచే ఈ సంస్థలో లేజర్ ప్రాసెసింగ్‌కే ఒక ప్రత్యేక కేంద్రం ఉంది. పరిశ్రమలకు సాంకేతికతను బదిలీ చేయడం దాని పనిలో భాగం. ఇండోర్‌లోని ఆర్‌ఆర్‌క్యాట్ కూడా లేజర్లు, కణ త్వరణ యంత్రాల (యాక్సిలరేటర్ల) పరిశోధన కోసం పుట్టిన సంస్థ.

ఇలాంటి చోట లాభం ఏమిటంటే, మీ అసలు షాఫ్ట్‌నే యంత్రం మీద ఎక్కించగల మనుషులు, చక్‌లు, క్రేన్లు ఉంటాయి. సెక్షన్ కోసి, పాలిష్ చేసి, మైక్రోస్కోప్ కింద చూసే మెటలర్జీ ల్యాబ్ పక్క బిల్డింగ్‌లోనే ఉంటుంది. వారం పట్టే పని రెండు రోజుల్లో తేలుతుంది. పదేళ్లుగా పౌడర్ చిమ్మే అదే నాజిల్‌తో పనిచేసిన టెక్నీషియన్ ఉంటే, పౌడర్ ధార చూసే ఎక్కడ వంకర పోయిందో చెప్పగలడు. ఆ అనుభవం ఏ రిపోర్టులోనూ కనపడదు గానీ ఫలితాన్ని నిర్ణయించేది తరచూ అదే.

లోపం కూడా ఉంది. వాళ్లకు రక్షణ, అంతరిక్ష రంగాల పనులు ముందు, మీరు క్యూలో వెనక. రిపోర్టులో «ఏమైంది» వివరంగా ఉంటుంది, «ఎందుకైంది» మీరు అడిగి డబ్బు కడితే తప్ప ఉండదు. యంత్రం సెట్టింగులు మాత్రమే రాసిస్తే అవి మీ చేతిలో పనిచేయవు. డిస్‌ప్లే మీద 3 కిలోవాట్లు కనపడినా, మాసిన రక్షణ గ్లాసు దాటి షాఫ్ట్‌కి చేరేది అంతకన్నా తక్కువ. పౌడర్ అందించే ఫీడర్ ఆర్‌పీఎం ఎంతో రాస్తారు. అదే ఆర్‌పీఎంకి మీ ఫీడర్‌లో, మీ పౌడర్‌తో వేరే గ్రాములు పడతాయి. అందుకే పారామీటర్ షీట్‌లో ఇవి అడిగి రాయించుకోండి: షాఫ్ట్ దగ్గర పవర్ మీటర్‌తో కొలిచిన వాట్లు, నిమిషానికి తూచి చూసిన గ్రాములు, నాజిల్ మోడల్, షాఫ్ట్‌కి నాజిల్ దూరం, పౌడర్‌ని మోసే (క్యారియర్), కరిగిన లోహాన్ని గాలి నుంచి కాపాడే (షీల్డింగ్) ఆర్గాన్ వాయువు లీటర్లు, పౌడర్ లాట్ నంబరు, ప్రీహీట్, రెండు కొసల దగ్గరా పైరోమీటర్ (తాకకుండా వేడి కొలిచే పరికరం) రీడింగ్.

ఐఐటీ, ఎన్‌ఐటీ ప్రాజెక్టు

ఇక్కడ మీకు దొరికేది రెండు మూడేళ్లు ఒకే ప్రశ్న మీద కూర్చునే మనిషి. కొస నుంచి కొసకి పవర్‌ని ఎంత చొప్పున తగ్గించాలో వేడి మోడల్ కట్టి చెప్పడం, పగులు ఏ దశలో పుడుతోందో తేల్చడం, పౌడర్‌ని మళ్లీ వాడితే ఆక్సిజన్ ఎంత పెరుగుతుందో చూడడం లాంటివి ల్యాబ్ జాబ్ వర్క్‌లో దొరకవు. లేజర్ తయారీ చరిత్రలో పెద్ద మలుపులు విశ్వవిద్యాలయాల నుంచే వచ్చాయి. పొడిని లేజర్‌తో అతికించి వస్తువు తయారు చేసే పద్ధతి ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో కార్ల్ డెకార్డ్ అనే విద్యార్థి, ఆయన గురువు జో బీమన్ చేతుల్లో పుట్టి డీటీఎం అనే కంపెనీ అయింది. మన దగ్గరే చూస్తే, ఐఐటీ మద్రాసులో పెరిగిన అగ్నికుల్ అనే అంకుర సంస్థ లేజర్‌తో ఒకే ముక్కగా ప్రింట్ చేసిన ఇంజిన్‌తో 2024 మే 30న శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగరేసింది.

అయినా దీన్ని మొదటి అడుగుగా మేం సిఫారసు చేయం. విద్యార్థి పనిచేసేది 100 మి.మీ. ప్లేటు ముక్క మీద. దాని మీద యాభై మి.మీ. గీత ఐదు సెకన్లలో అయిపోతుంది, వేడి పేరుకునే సమస్యే అక్కడ కనపడదు. పవర్ మూడు, వేగం మూడు, పౌడర్ మూడు స్థాయిలు పెట్టి 27 గీతలు గీసి, కోసి, పొర బాగా వచ్చే సెట్టింగుల పరిధి కనుక్కోవడం అవసరమైన పనే. కానీ అది మొదటి నెల పని. దాన్నే మూడేళ్ల ప్రాజెక్టుగా అమ్మితే మీకు చేతికొచ్చేది ఒక పేపరు. కాగితం మీద ప్రాజెక్టు ఒప్పుకునే ముందే ఒక షరతు పెట్టండి: ఆరో నెలలోగా పూర్తి పొడవు షాఫ్ట్ మీద ఒక ట్రయల్, మొదటి చుట్టు దగ్గర, చివరి చుట్టు దగ్గర విడివిడిగా కోసిన సెక్షన్లు, రెండింటిలో ఇనుము శాతం.

లేజర్‌ని చల్లబరిచే చిల్లర్ పాడైతే వార్షిక నిర్వహణ ఒప్పందం (ఏఎంసీ) లేక రెండు నెలలు యంత్రం ఆగడం, ఎం.టెక్ విద్యార్థి మే నెలలో వెళ్లిపోవడం, పౌడర్‌ని 5 కిలోల చొప్పున రెండు లాట్లుగా కొనడం వంటివి ఈ దారిలో తరచూ జరిగేవే. పౌడర్ మీరే కొని ఇవ్వండి, ఒకే లాట్, 20 కిలోలు, 45 నుంచి 150 మైక్రాన్లు. వాడే ముందు రెండు గంటలు 80 నుంచి 100 డిగ్రీల్లో ఆరబెట్టమనండి, లేకపోతే తేమకి పొరలో సన్నటి రంధ్రాలు వస్తాయి.

పన్ను సంగతి కూడా చూసుకోవాలి. 2024 సెప్టెంబరులో జరిగిన 54వ జీఎస్టీ కౌన్సిల్ సమావేశం తర్వాత, అర్హత ఉన్న విశ్వవిద్యాలయాలు, సంస్థలు గ్రాంటుతో చేసే పరిశోధనకు మినహాయింపు వచ్చింది. కన్సల్టెన్సీగా బిల్ చేస్తే 18 శాతం పడుతుంది. మీకు ఇన్‌పుట్ క్రెడిట్ ఉంటే పెద్ద తేడా ఉండదు, లేకపోతే ఏ పేరుతో ఒప్పందం రాస్తున్నారో మీ ఆడిటర్‌కి ముందే చూపించండి.

ఉమ్మడి కేంద్రం

అమెరికాలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నడిపే పరిశ్రమ–విశ్వవిద్యాలయ కేంద్రాలు ఈ తరహావే. లేజర్, ప్లాస్మా తయారీ మీద వర్జీనియా, మిషిగన్ విశ్వవిద్యాలయాలతో ఒక కేంద్రం నడిచింది. సభ్య కంపెనీలు ఏటా రుసుము కడతాయి, దాని మీద విశ్వవిద్యాలయం ఓవర్‌హెడ్ (నిర్వహణ ఖర్చుల వాటా) 10 శాతం మించకూడదు, ఏ ప్రాజెక్టులు చేయాలో కంపెనీలే ఓటేస్తాయి. తక్కువ డబ్బుతో ఎక్కువ పరిశోధన చూడొచ్చు. కానీ మీకు తెలిసింది మీ పోటీదారుకీ అదే రోజు తెలుస్తుంది. పౌడర్ ప్రమాణాలు, భద్రత, పరీక్షా పద్ధతుల లాంటి అందరి సమస్యలకు ఇది చక్కటి దారి. మీ షాఫ్ట్ రెండో కొస సమస్యకు కాదు. మన దేశంలో భారీ పరిశ్రమల శాఖ సాయంతో ఐఐటీ మద్రాసులో ఏర్పడిన ఏఎంటీడీసీ (అధునాతన తయారీ సాంకేతికత అభివృద్ధి కేంద్రం) పరిశ్రమలతో కలిసి యంత్ర పరికరాల మీద పనిచేస్తోంది. లేజర్ క్లాడింగ్‌కే అంకితమైన అలాంటి వేదిక హైదరాబాద్ చుట్టుపక్కల వస్తే చిన్న యూనిట్లకు ఎంతో మేలు.

జర్మనీలోని ఆఖెన్‌లో మూడు దారులూ కలిసిన రూపం ఉంది. ఫ్రాన్‌హోఫర్ లేజర్ సంస్థ పక్కనే ఆర్‌డబ్ల్యూటీహెచ్ విశ్వవిద్యాలయం. విద్యార్థులు అక్కడ, కంపెనీ ఒప్పందాలు ఇక్కడ. పౌడర్‌ని షాఫ్ట్‌కి చేరకముందే గాలిలోనే కరిగించే ఎహ్లా పద్ధతి అలా వచ్చింది. మామూలు క్లాడింగ్ నిమిషానికి అర మీటరు నుంచి 2 మీటర్లు నడిస్తే ఇది వందల మీటర్ల వేగంతో, పావు మి.మీ. లోపు పొర వేస్తుంది. క్రోమ్ ప్లేటింగ్‌కి నేరుగా పోటీ అదే. 2015 నుంచి నెదర్లాండ్స్‌లో సముద్రపు పనులకు వాడే పొడవాటి హైడ్రాలిక్ సిలిండర్లకు దీన్ని వాడుతున్నారు. మీకు కావలసింది 0.2 మి.మీ. పొర మాత్రమే అయితే పై లెక్కలన్నీ పక్కన పెట్టి ఎహ్లా యంత్రం ఉన్నచోటే వెతకండి.

యంత్రం అమ్మే కంపెనీల అప్లికేషన్ ల్యాబ్‌లో ట్రయల్ ఉచితంగానో నామమాత్రపు ఖర్చుతోనో చేసిపెడతారు. యంత్రం ఎంచుకోవడానికి వాడుకోండి, ప్రక్రియ తయారీకి సరిపోదు.

సంతకం పెట్టేముందు

పేటెంట్‌ని «ఇద్దరి పేరు మీద» అని రాయడం తేలిక. భారత పేటెంట్ల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే ఉమ్మడి యజమానులు ఎవరికి వారు వాడుకోవచ్చు. ఇంకొకరి అనుమతి లేకుండా లైసెన్సు మాత్రం ఇవ్వలేరు. రేపు మీరు చర్లపల్లిలోని జాబ్ షాపుకి ఆ పని అప్పగించాలన్నా విశ్వవిద్యాలయం సంతకం కోసం తిరగాలి. మీ రంగానికి, మీ ఉప కాంట్రాక్టర్లకి లైసెన్సు హక్కును ఒప్పందంలోనే రాయించుకోండి. థీసిస్‌ని ఆపించే ప్రయత్నం చేయకండి, విద్యార్థి డిగ్రీ దాని మీదే ఆధారపడి ఉంటుంది. ప్రచురణకు 60 రోజుల ముందు మీకు చూపించాలని, పేటెంట్ దాఖలు ఆలోగా పూర్తవ్వాలని రాస్తే సరిపోతుంది. నిజానికి క్లాడింగ్‌లో విలువైనదంతా పారామీటర్ షీట్‌లోనే ఉంటుంది, దాన్ని పేటెంట్ చేయకుండా రహస్యంగా ఉంచుకోవడమే ఎక్కువసార్లు మంచిది.

చెల్లింపులు 30, 40, 30 శాతంగా విడగొట్టండి. మధ్య 40 శాతం పూర్తి పొడవు షాఫ్ట్ డై పెనెట్రెంట్ పరీక్షలో (రంగు ద్రవంతో పైపగుళ్లు బయటపెట్టేది) పగుళ్లు లేకుండా పాసై, రెండు కొసల సెక్షన్లు చేతికొచ్చాకే. అది ఫెయిలైతే కారణం రాతపూర్వకంగా తీసుకుని ఆ కాగితంతోనే విశ్వవిద్యాలయానికి వెళ్లండి. స్పాన్సర్ చేయదగ్గ ప్రాజెక్టు ఏదో అప్పుడు అందులోనే కనపడుతుంది.