మామిడి ధరల చార్టుకు మ్యాట్‌ప్లాట్‌లిబ్: గీతకు వంక లేదు, వత్తులతోనే పేచీ

చిత్తూరు యార్డులో తోతాపురి ధర రోజురోజుకూ ఎలా కదిలిందో చూపడానికి మ్యాట్‌ప్లాట్‌లిబ్ భేషుగ్గా పనికొస్తుంది. చార్టులు గీయడానికి 2003 నుంచి ఉన్న పైథాన్ లైబ్రరీ, పైసా ఖర్చు లేదు, నెట్ లేకపోయినా నడుస్తుంది.

పేచీ అంతా తెలుగుతోనే. శీర్షికలో ‘చిత్తూరు’ అని రాస్తే ముందు అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు వస్తాయి, ఎందుకంటే దానితో వచ్చే డెజావు శాన్స్ ఫాంటులో తెలుగు లేదు. నోటో శాన్స్ తెలుగు ఫైలును ఫాంట్ మేనేజర్‌లోని ‘యాడ్‌ఫాంట్’తో చేర్చి, ఫాంట్ ఫ్యామిలీలో మొదట పెడితే డబ్బాలు పోతాయి. అక్కడితో ఆగొద్దు, బొమ్మను పెద్దది చేసి చూడండి. ‘త్తూ’లో వత్తు కిందికి దిగదు. పొల్లు ‘త్’ ఒకచోట, ‘తూ’ పక్కన నిలబడతాయి. మ్యాట్‌ప్లాట్‌లిబ్ 3.10 దాకా వెర్షన్లు అక్షరాలను పక్కపక్కన పేరుస్తాయే గానీ కలపవు. ఎన్ని ఫాంట్లు మార్చినా ఇంతే.

దీనికి విరుగుడు బ్రౌజర్లో తెరుచుకునే ఎస్‌వీజీ రకం బొమ్మ ఫైలు. సేవ్ చేసే ముందు ‘ఎస్‌వీజీ.ఫాంట్‌టైప్’ను ‘పాత్’ నుంచి ‘నన్’కు మార్చాలి. అప్పుడు అక్షరాలు గీతలుగా మారకుండా అక్షరాలుగానే ఫైల్లో ఉంటాయి, బ్రౌజరు వత్తులను సరిగ్గా కడుతుంది. అంచుల్లో ఖాళీ కాస్త అటూఇటూ అవుతుంది, చూసేవాళ్ల సిస్టంలోనూ తెలుగు ఫాంటు ఉండాలి. ప్రింటు కావాలంటే బ్రౌజర్లో తెరిచి పీడీఎఫ్ తీసుకోండి.

తారీఖులతో ఇంకా జాగ్రత్త. మనం 05-06-2024 అని రాస్తే జూన్ 5. ధరల పట్టికను చదివే పైథాన్ లైబ్రరీ పాండాస్ దాన్ని మే 6గా చదువుతుంది. ఆ తర్వాత 13వ తారీఖు తగిలితే కొత్త వెర్షన్లు ఎర్రర్ ఇస్తాయి, అది నయం. అన్నీ 12 లోపు తారీఖులే అయితే నోరెత్తకుండా తప్పు చార్టు ఇచ్చేస్తుంది. రోజే ముందుందని చెప్పే ‘డేఫస్ట్’ను ట్రూ చేయడం మరవొద్దు.

యార్డు సెలవు రోజులనూ వదలకండి. పాండాస్‌లోని ‘యాజ్‌ఫ్రీక్’తో రోజులన్నీ పరిచి ధర లేనిచోట ఖాళీ ఉంచితే గీత తెగుతుంది. లేకుంటే ముందురోజు నుంచి మర్నాటికి నేరుగా కలిపేసి, ఆ రోజూ బేరం జరిగినట్టు రైతును నమ్మిస్తుంది.

స్క్రిప్టులో చార్టును తెర మీద చూపే ‘షో’ తర్వాత, ఫైలుగా దాచే ‘సేవ్‌ఫిగ్’ రాస్తే తెల్ల కాగితమే మిగులుతుంది. ముందు సేవ్ చేయాలి.

ఈ వత్తుల తంటా వద్దనుకుంటే ప్లాట్లీ అనే ఇంకో చార్టు లైబ్రరీ ఉంది. బ్రౌజర్లోనే గీస్తుంది కాబట్టి తెలుగు చక్కగా వస్తుంది. కానీ విడిగా తెరుచుకునే ఒక్కో చార్టు ఫైలు 3 ఎంబీ పైమాటే, రోజూ రైతుల వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి బరువు.