పాత బొమ్మ రైలుకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్: ఏళ్ల తరబడి వాడాక

పాత బొమ్మ రైలు మురికి వదిలించడంలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కి, అంటే త్వరగా ఆరిపోయే ఈ శుభ్రపరిచే ద్రవానికి, తిరుగులేదు. వదిలిన మురికి మళ్లీ పట్టకుండా చూడటం దీని వల్ల కాదు. రంగుకైతే పగవాడే.

తీసుకుంటే 99 శాతానిదే తీసుకోవాలి. 70 శాతం సీసాలో మిగిలినదంతా దాదాపు నీళ్లే. టిన్‌ప్లేట్ పట్టాలంటే తగరపు పూత వేసిన పల్చటి ఉక్కు రేకు. పట్టాల కీళ్ల లోపల నీరు చేరిందా, పూత గీసుకుపోయిన చోట తుప్పు మొదలవుతుంది.

పీచు రాలని నూలు గుడ్డను చిన్న చెక్క ముక్కకు చుట్టి, తడిపి, పట్టాల పైఅంచు పొడవునా రుద్దాలి. నలుపు అంటడం ఆగేదాకా మడత మారుస్తూనే ఉండాలి. గరుకు రబ్బరుతో పని తొందరగా అవుతుంది, కాదనను. కానీ అది గీసిన సన్నని గీతల్లోనే మళ్లీ మురికి కూర్చుంటుంది. ఇత్తడి పట్టాల మీద మొండి చిలుముంటే ఒకసారికి సరే, తగరపు పూతకు మాత్రం వద్దు. ఉక్కు పీచు దేనికీ వద్దు: రాలిన నలుసుల్ని మోటారు అయస్కాంతం లాగేసుకుంటుంది, ఆపైన షార్టే.

ఆల్కహాల్‌తోనే ఆపేస్తే నలుపు త్వరగా తిరిగొస్తుంది. చక్రానికీ పట్టాకీ మధ్య పుట్టే చిన్న చిన్న నిప్పురవ్వల వల్లే చాలా మటుకు ఆ నలుపు. అందుకే ఆ రవ్వలు తగ్గేలా చివర్లో వైట్ స్పిరిట్ (రంగులు పల్చన చేసే పెట్రోలియం ద్రావకం) పల్చగా తుడిచి, పొడి గుడ్డతో ఒత్తుతాను. తేడా స్పష్టంగా తెలుస్తుంది. రెండూ భగ్గుమనేవే కాబట్టి కిటికీ తెరిచి ఉంచి, పూర్తిగా ఆరాకే కరెంటు ఇవ్వాలి.

ఆల్కహాల్ అసలు సత్తా మోటారు దగ్గర. 12 వోల్టుల పాత డీసీ మోటార్లలో కార్బన్ బ్రష్‌లు (తిరిగే భాగానికి ఆనుకుని కరెంటు అందించేవి) తీసి పక్కన పెట్టి, దూదిపుల్లను కొద్దిగా తడిపి కమ్యుటేటర్‌ని (ఆ బ్రష్‌లు ఆనే, రాగి ముక్కలతో చేసిన గుండ్రటి భాగాన్ని) రాగి రంగు తేలేదాకా తుడవాలి. రాగి ముక్కల మధ్య సందుల్లో ఇరుక్కున్న కార్బన్ పొడిని చెక్క పంటిపుల్లతో తీయాలి, సూదితో కాదు. ఆ పొడి ఉంటే కరెంటు అడ్డదారి పట్టి మోటారు వేడెక్కుతుంది. శుభ్రతకని అయస్కాంతం ఊడదీయకండి. పాత ఆల్నికో (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపిన లోహం) అయస్కాంతాలను ఇనుప ముక్క ఆనించకుండా బయటికి తీస్తే బలం తగ్గిపోతుంది. తర్వాత ఇరుసు రెండు చివర్లా సూదిమొనంత నూనె చాలు. ఎక్కువైతే కమ్యుటేటర్ మీదికి పాకి, కార్బన్‌తో కలిసి నల్ల ముద్దవుతుంది. అప్పుడు మొదటికే రావాలి.

రైలు పెట్టెల జోలికి ఈ ఆల్కహాల్ సీసా రాకూడదు. రేకు మీది అచ్చు రంగులు, అంటించిన అక్షరాలు చూస్తుండగానే గుడ్డకెక్కుతాయి. గోరువెచ్చని నీళ్లలో చుక్క గిన్నెల సబ్బు, మెత్తటి కుంచె, వెంటనే తడి తుడవడం, అంతే. ప్లాస్టిక్ మీద అసిటోన్ మాట తలపెట్టొద్దు, కరిగిపోతుంది.

జింకు పోత చక్రాలు ఉబ్బి పగుళ్లిస్తే ఏ ద్రవమూ పనికిరాదు. పోతలో కలిసిన సీసం లాంటి మలినాల వల్ల లోహం లోపలి నుంచే విచ్చుకుపోతుంది. మార్చడమే. పాత ట్రాన్స్‌ఫార్మర్ తీగ తొడుగు పెళుసుబారి ఉంటే ప్లగ్గులో పెట్టనే పెట్టకండి.

అన్నీ చేశాక కూడా ఇంజిన్ ఎప్పుడూ ఒకేచోట తడబడుతుంటే అది మురికి కాదు, వదులైన కీలు. టిన్‌ప్లేట్ పట్టా చివరి గొట్టాన్ని, అందులో దూరే పక్క పట్టా పిన్ను చుట్టూ పటకారుతో కొంచెం బిగించి చూడండి.